ఇంద్రధనుస్సు అంటిన రుమాలు

1987. రాయపూర్ గుఢియారీలో రైలు కట్ట పక్కన ఒక రెండు గదుల ఇల్లు. దసరా సెలవులు ముగిసిన శనివారం మధ్యాహ్నం. బస్తర్ జలపాతాలు చూడ్డానికి వెళ్ళిన రైల్వే కుటుంబాలను పొద్దున్నే తిరిగి తెచ్చి దింపిన మెటడోర్ డ్రైవర్ దానియేలు అన్నానికి కూర్చున్నాడు. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే భార్య దీనమ్మ వడ్డిస్తోంది.

"ఎర్రగా ఉంది."

"ఏంటే ఎర్రగా ఉంది? పప్పా? టమాటా ఎక్కువేశావేమో."

"పప్పు కాదు. నీ రుమాలు. ఉతుకుదామని తీస్తే ఇదిగో, ఇంత మేర ఎరుపు. ఏంటిది?"

"అదా. అది చెప్తే నువ్వు నమ్మవు దీనా."

"చెప్పు. నమ్మాలో వద్దో నేను చూసుకుంటా."

"చిత్రకోట్ జలపాతం ఉంది చూడు. ఇంద్రావతి నది మొత్తం గుర్రపు లాడంలాగా వంగి, ఒక్కసారి కిందకి దూకేస్తుంది. ఆ తుంపర్లలో ఇంద్రధనుస్సు పడుద్ది. మామూలు ఇంద్రధనుస్సు ఆకాశంలో ఉంటుందా, అక్కడిది అట్టా కాదు. మనిషి ఎత్తులో ఉంటుంది. గుమ్మం కింద దూరినట్టు దూరి అవతలకి పోవాలి. నేను దూరుతుంటే చెమట పట్టింది, రుమాలు తీశా. పై అంచు తగిలింది. ఎరుపేగా పైన ఉండేది. అంటుకుపోయింది."

"మిగతా రంగులు అంటలేదా?"

"రుమాలు చిన్నదే."

"ఏవయ్యా, పెళ్ళయిన కాడ్నించీ వింటున్నా నీ కబుర్లు. సరే. రేపు ఏంటో గుర్తుందా?"

"ఆదివారం."

"ఏ ఆదివారం?"

"నన్ను సంఘ పెద్దని చేసే ఆదివారం. గుర్తుండకపోవడమేంటి? కొత్త చొక్కా తెచ్చావా పండరీ బట్టల బజారు నుంచి?"

"తెచ్చా. పెట్టెలో ఉంది. నా దిగులు చొక్కా గురించి కాదు. రేపు పాస్టర్ సుందరరావుగారు ముందు నన్ను లేపుతారు. అందరి ముందూ. నీ భర్తలో సంఘానికి తెలియాల్సిన వంక ఏదైనా ఉందా దీనమ్మా అని అడుగుతారు. లేదని నేనంటేనే నీ తల మీద చెయ్యి పెడతారు."

"ఉందంటే?"

"పోయినసారి పాల్‌ని పెద్దని చేయబోతే ఏమైందో చూశావుగా."

"పాల్ పెళ్ళాం వంకేం చెప్పింది? లేచి నిలబడి ఏడ్చింది, అంతే. పాపం ఆ పొద్దున ఉల్లిపాయలు తరిగి సరాసరి చర్చికొచ్చింది. ఆ ఘాటుకి పక్క బెంచీలో ఆరుగురు ఏడ్చారు, హార్మోనియం కూడా తడిసిపోయింది. దాంతో పాల్ పని ఖతమ్."

"నవ్వించకు. నేను చర్చిలో నిలబడి అబద్ధం చెప్పను. ఆసుపత్రిలో చెప్తా. రేపటికల్లా లేచి కూర్చుంటావులే నాయనా అని రోగులకి రోజూ చెప్తా. అక్కడ చెప్పలేను. అందుకే ఇవాళ అడుగుతున్నా. నిజం చెప్పు."

"చెప్తున్నాగా. మా నాయన అచ్చయ్య బతికినన్నాళ్ళూ ఆ చర్చిలో చాపలు పరిచాడు దీనా. చాపలు పరిచాడు, చుట్టాడు, దులిపాడు. పెద్దల బెంచీ మీద ఒక్కనాడు కూర్చోలేదు. నన్ను చూస్తే అందరూ కోతల దానియేలు అంటారు. రేపు ఆ బెంచీ మీద కూర్చుంటే ఇంక అనరు. అది పాడు చేసుకుంటానా నేను?"

"అదే నేనూ అడిగేది. పాడు చేసుకునే పనేదైనా చేశావా?"

"లేదు. నెయ్యి ఉందా?"

"లేదు. ఇదేంటి మరి? చొక్కా జేబులో దొరికింది."

"ఏది, చూడనీ. ఇదా. కొబ్బరి ముక్క."

"కొబ్బరి ముక్కని నాకూ తెలుసు. నీ జేబులోకి ఎట్టా వచ్చింది?"

"కోతి ఇచ్చింది."

"కోతి."

"నవ్వకు. కాంగేర్ అడివిలో, తీరథ్‌గఢ్ జలపాతం కాడ. అబ్బ, ఆ జలపాతం చూడాలి నువ్వు. చిత్రకోట్ ఒక్క దూకు దూకుద్దా, ఇది మెట్లు దిగినట్టు దిగుద్ది. తెల్లగా, చిక్కగా. పాలు పొంగిపోతున్నాయనుకుని అక్కడి హోటలోడి పిల్లి కింద మూతి పెట్టి కూర్చుంది. నాలుగేళ్ళ నుంచి నాకుతూనే ఉందంట, ఇంకా దానికి అనుమానం తీరలేదు. అక్కడ ఒక కోతి, బాగా ముసలిది, వచ్చి నా పక్కన కూర్చుని..."

"ఆ అడివిలో కొబ్బరిచెట్లున్నాయా?"

"లేవు."

"మరి కోతికి కాయ ఎక్కడిది?"

"నేనడగలేదు. ఇచ్చినోళ్ళని ఎక్కడిదని అడుగుతామా?"

"ఇటు చూడు. ఘాట్ మీద బండి ఆపావా?"

"ఏ ఘాట్?"

"జగదల్‌పూర్ పోయే దారిలో ఎన్ని ఘాట్లున్నాయి? కేశ్‌కాల్ ఘాట్. కొండ మీద తెలిన్ మాత గుడి ఉందే, అక్కడ. లారీ గానీ బస్సు గానీ ఆ గుడి కాడ ఆగకుండా పైకి పోదంట. డ్రైవరు దిగి కాయ కొట్టాకే బండి కదులుద్దంట."

"ఎవడు చెప్పాడు నీకు?"

"నువ్వే."

"నేను చెప్పింది వేరే డ్రైవర్ల సంగతి. నేను ఆపను. ఒకసారి హారన్ కొట్టి పోతా. అది దండమూ కాదు, మర్యాద తప్పడమూ కాదు."

"ఈసారి ఆపలేదా?"

"ఆపలేదు."

"అస్సలు?"

"అస్సలు. రయ్‌మని ఎక్కించేశా. మలుపు తిరుగుతుంటే నా బండి వెనక నంబరు నాకే కనపడింది, అంత స్పీడు."

"బండిలో సవారీలు ఆపమనలేదా? పక్కింటి సూర్యారావుగారు వాళ్ళు?"

"అన్నారు. ఇంజన్ చప్పుడుకి వినపడలేదన్నా."

"అయ్యో."

"ఏంటి అయ్యో?"

"ఏం లేదు. పప్పు అడుగంటింది."

"పప్పు నా కంచంలో ఉంది దీనా. పొయ్యి మీద ఏమీ లేదు."

"అన్నం, అన్నం అంటున్నా."

"ఇదేంటే. ఆపానంటే నీకు కోపం అనుకున్నా. ఆపలేదంటే మొహం అట్టా పెట్టావేంటి?"

"నా మొహం ఎప్పుడూ ఇట్టానే ఉంటుంది. తిను."

"దీనమ్మా, ఉన్నావేటి లోపల?"

"ఎవరూ? అప్పలనరసమ్మక్కా, రా రా. ఇప్పుడే వచ్చావుగా ఊరినుంచి, కాసేపు పడుకోలేదా?"

"ఏటి పడుకుంటాను. సూర్యారావుగోరు ఒచ్చిన కాడ్నుంచి గురకే గురక. ఆ జలపాతం సప్పుడు పోయిందనుకుంటే ఇంట్లో ఇదొకటి. ఓలమ్మ, తమ్ముడు తింతన్నాడు. తినండి నాయినా. నాను మళ్ళీ ఒస్తానులే."

"కూర్చో అక్కా. చిత్రకోట్ బాగుందా?"

"బాగుండకపోడమేటి. రెండు కళ్ళు సాలవు. నీళ్ళు ఎర్రగా, మట్టి రంగులో, ఉరుమినట్టు పడతన్నాయి. మేమందరం గట్టున నిలబడి సూస్తన్నాం. మీ ఆయనే రానేదు. బండి కాడే కూకున్నాడు, ఎనక్కి తిరిగి."

"బండి కాడ కూర్చున్నాడా? ఇంద్రధనుస్సు కింద దూరాడని చెప్పాడే."

"టైరు చూసుకున్నాకే దూరా అక్కా. మీరు చూడలేదు అంతే."

"అక్కా, తీరథ్‌గఢ్‌లో కోతులున్నాయా?"

"కోతులా? నాకు అగుపడనేదు. ఉంటే ఉంటాయిలే అడివి గదా. దీనమ్మా, ఓపాలి ఇలా గుమ్మం కాడికి రా. ఒక మాట."

"ఇక్కడే చెప్పొచ్చుగా అప్పలనరసమ్మక్కా. నేనేమన్నా పరాయోడినా?"

"ఆడోళ్ళ మాట నాయినా. నువ్వు తిను. దీనమ్మా, ఏటీ అనుకోకే. నువ్వు సెప్పింది అవ్వనేదు. గుడికాడ దిగి దండవెట్టుకుని, కాయ కోసం బండి కాడికి తిరిగొచ్చి సంచిలో సెయ్యెట్టి సూసుకుంటే నాదే ఉన్నాది. నీది నేదు. సీట్ల కింద ఎతికినాను, ఎక్కడా నేదు. ఎలా పోనాదో నాకే తెల్దు."

"గుడికాడ దిగారా? ఏ గుడి?"

"ఇంకే గుడి. తెలిన్ తల్లి గుడి."

"బండి ఆపలేదంట కదా."

"ఆపనేదా? ఎవులు సెప్పినారు? మేం నోరు తెరిసి అడక్కముందే తమ్ముడు ఆపినాడు. ఆపి, దిగండి, దండవెట్టుకోండి, నాను టైర్లు సూసుకుంటాను అన్నాడు. ఏటి తమ్ముడూ, కాదేటి? ఏటలా సూస్తన్నాడు? సెప్పకూడదా? ఓలమ్మ, నాకేటి తెల్సు. నాను పోతాను దీనమ్మా. పొయ్యి మీద కూర పెట్టొచ్చినాను."

"వెళ్ళిరా అక్కా. తర్వాత మాట్లాడుకుందాం."

"ఆవిడ నీదంటోంది. నీదేంటి? ఏం పోయింది దీనా?"

"సీతాఫలాలు. దారిలో కాంకేర్ ఊళ్ళో కొని తెమ్మన్నా."

"సీతాఫలాలు పోతే చెవిలో చెప్పాలా?"

"నువ్వు మాట మార్చకు. బండి ఆపావు."

"సీతాఫలాలు పోతే నీ మొహం పాలిపోద్దా?"

"బండి ఆపావు. ఆపలేదని నా మొహం మీద అబద్ధం చెప్పావు. ఇంద్రధనుస్సన్నావు. కోతన్నావు. చిత్రకోట్ దాకా పోయి జలపాతమే చూడలేదంట. దేనికి? ఇంకెవరన్నా ఉన్నారా బండి కాడ?"

"ఇంకెవరుంటారే."

"నాకేం తెలుసు. ఎరుపంటే కుంకుమే అవ్వక్కర్లేదు. పెదాలకి రాసుకునేదీ ఎరుపే."

"ఛ. ఆ మాటనకు."

"అయితే రేపు పాస్టరుగారు లేపితే నేను లెగవను. కూర్చునే ఉంటా. పాల్ పెళ్ళాం ఏడ్చింది, నేను అది కూడా చెయ్యను. జనం ఏమనుకుంటారో అనుకోనీ."

"దీనా."

"ఊఁ."

"కంచం తీసెయ్యి. తినలేను."

"చెయ్యి కడుక్కోకు. ముందు చెప్పు."

"పోయిన వానాకాలం ఘాట్‌లో బ్రేకు పోయిందని చెప్పాగా."

"చెప్పావు. బండి లోయలోకి తొంగిచూసిందనీ, సాల్ చెట్టు ఒకటి రెండు చేతులూ చాపి ఎక్కడికిరా దానియేలూ అని పట్టుకుందనీ చెప్పావు. వీధి వీధంతా నవ్వింది."

"నవ్వుతారనే అట్టా చెప్పా. చెట్టు పెద్దది కాదు. నా తొడంత ఉంటుంది. బంపరు దానికి ఆనుకుని ఆగింది. వెనక పిల్లలు నిద్రపోతున్నారు. నేను తలుపు తీసి కాలు పెడితే కింద నేల లేదు. అట్టాగే కాలు గాల్లో పెట్టుకుని కూర్చున్నా, ఎవరన్నా వచ్చేదాకా."

"ఇది నాకు చెప్పలేదు."

"ఎట్టా చెప్పను? చెప్తే మళ్ళీ స్టీరింగ్ పట్టుకోనిస్తావా? మొన్న ఆ మలుపు వచ్చింది. చెట్టు అట్టానే ఉంది, బెరడు ఊడిపోయి. వెనక సూర్యారావు పాటలు, చప్పట్లు. నాకు కాలు బ్రేకు మీదనుంచి లేవట్లేదు. ఎట్టాగో గుడి దాకా తెచ్చి ఆపేశా. అందర్నీ దిగమన్నా."

"నువ్వూ దిగావా?"

"దిగా. వాళ్ళు ముందు గుళ్ళోకి పోయాక దిగా. నా ముందు ఒక సర్దార్జీ లారీ డ్రైవరు కాయ కొట్టి, ప్రసాదం పాలకోవా నోట్లో వేసుకుని, ఈల వేసుకుంటూ పోయాడు. వాడికి భయమే లేదు దీనా. నాకూ అట్టా పోవాలనిపించింది. అంతే. నేనూ కొట్టా."

"కాయ కొట్టావా?"

"కొట్టా. పక్కగా, రాయి మీద. పూజారి చూసి పిలిచి బొట్టు పెట్టాడు. వద్దనలేకపోయా. బండి ఎక్కేముందు రుమాలుతో తుడిచేశా. ఇంద్రధనుస్సు అదే. ముక్క ఒకటి చేతిలో పెట్టాడు, పారేస్తే తప్పేమోనని జేబులో వేసుకున్నా."

"చేతులు ఊపట్లేదు నువ్వు."

"ఏంటి?"

"కోతలు కోసేటప్పుడు చేతులు ఊపుతావు. ఇప్పుడు ఊపట్లేదు. కాయ కొడుతూ ఏమన్నావు?"

"ఏమనాలో నాకు తెలుసా ఏంటి? వాళ్ళ మాటలు రావు. ప్రభువా నువ్వే చూసుకో అన్నా. చివర్లో ఆమేన్ కూడా అన్నా. పూజారి అదోలా చూశాడు."

"నవ్వు వస్తోంది నాకు. నవ్వకూడదు. ఆ తర్వాత భయం పోయిందా?"

"ఘాట్ ఎక్కడానికి పోయింది. చిత్రకోట్ కాడ మళ్ళీ వచ్చింది. అంత నీరు అంచుదాకా నెమ్మదిగా వచ్చి, అంచు దాటగానే పడిపోతోంది. నాకు నీళ్ళు కనపడలా. బండి కనపడింది. అందుకే వెనక్కి తిరిగి కూర్చున్నా. జలపాతం గురించి నీకు చెప్పిందంతా వేరే డ్రైవర్లు చెప్పింది, కొంచెం నేను కలిపింది."

"కొంచెమేనా?"

"పిల్లి నాదే. సరే, అయిపోయింది. రేపు లేచి చెప్పెయ్యి. నా భర్త తెలిన్ మాతకి కాయ కొట్టాడు అని. మా నాయనకి రాసిపెట్టి లేదు, నాకూ లేదు. ఆ కొత్త చొక్కా నాకిచ్చెయ్యి, కిరాయి దొరికినప్పుడు వేసుకుంటా."

"ఉండు. కాయ కొన్నావా అక్కడ?"

"కొంటే సూర్యారావు చూడడా? సోమవారం పొద్దున్నకల్లా ఆయన పనిచేసే వ్యాగన్ వర్క్‌షాపంతా తెలిసిపోద్ది. దొంగతనం చేశా. అది కూడా రాసుకో."

"ఎవరిది?"

"అప్పలనరసమ్మ సంచి సీటు మీద ఉంది. చెయ్యి పెడితే రెండు కాయలున్నాయి. ఒకటి తీశా. రెండున్నాయిగా, ఒకటి ఆవిడకి మిగిలిందిగా. ఏంటి, ఎందుకు లేచావు?"

"ఏది తీశావు?"

"ఏదంటే? కాయ."

"పెద్దదా, చిన్నదా?"

"ఇప్పుడది దేనికే?"

"అడిగిందానికి చెప్పు."

"చిన్నది. దానికి గుడ్డ పీలిక ఒకటి చుట్టి ఉంది. మీ ఆసుపత్రిలో దెబ్బలకి కట్టు కడతారే, అట్టాంటి తెల్లటిది. ఎవరు కట్టారో గానీ ఏం ముడి అది. ఎంతకీ రాదు. చివరికి పళ్ళతో కొరికి లాగా. దీనా, ఏడుస్తున్నావా? ఏంటిది, ఏడుస్తున్నావా నవ్వుతున్నావా?"

"కాయ బాగా పగిలిందా? కుళ్ళిందా?"

"ఒక్క దెబ్బకే పగిలింది. తెల్లగా ఉంది లోపల. ఎందుకడుగుతున్నావు?"

"అక్క ఇందాక చెవిలో చెప్పింది విని ప్రాణం పోయింది నాకు. ఇంక ఫరవాలేదు. అన్నం తిను, చల్లారిపోయింది."

"దేనికి ఫరవాలేదు? సీతాఫలాలకా?"

"సీతాఫలాలు లేవు."

"లేవా? మరి ఆవిడ సంచిలో నీది ఏముంది?"

"పోయిన వానాకాలం నువ్వు ఆ చెట్టు కథ చెప్తే వీధంతా నవ్వింది. నేను నవ్వానా?"

"గుర్తు లేదు."

"నవ్వలేదు. నీ చేతులు ఊగలేదు ఆ రోజు. ఈసారి నువ్వు మళ్ళీ ఆ దారినే పోతానన్నావు. మోకాళ్ళ మీద కూర్చున్నా, ప్రార్థన చేశా, అయినా నిద్ర పట్టలేదు. అప్పలనరసమ్మక్క తన కాయ సంచిలో పెట్టుకుంటుంటే చూశా. నాదీ ఒకటి కొట్టెయ్యక్కా, మా ఆయనకి తెలియనీయకు అన్నా. రెండు కాయలూ కలిసిపోకూడదని గుర్తుకి ఒకటి కట్టా."

"ఏం కట్టావు?"

"నువ్వు పళ్ళతో కొరికిన ముడి నాదేనయ్యా. ఇప్పుడు చెప్పు, రేపు పాస్టరుగారు లేపితే ఎవరి వంక చెప్పమంటావు?"